అతిథులు – ఆతిథేయులు: విదేశీ విద్యార్థుల మధ్య క్రైస్తవ పరిచర్య – అబిడ్స్, నాంపల్లి నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

చదువు కోసం స్వదేశం విడిచిన విద్యార్థుల మధ్య క్రైస్తవ సంస్థలు చేసిన పరిచర్యను సాధారణంగా ఆతిథ్యమిచ్చిన దేశాల చరిత్రలో భాగంగానే అధ్యయనం చేస్తున్నారు. ఆ విద్యార్థులు తిరిగి చేరిన ఊళ్ళ నుంచీ, ఆ ఊళ్ళకు చదువు కోసం వచ్చిన విదేశీయుల నుంచీ చూస్తే ఈ చరిత్ర వేరుగా కనిపిస్తుంది. హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలను కేంద్రంగా తీసుకొని, లండన్‌లోని భారతీయ విద్యార్థి వసతిగృహం, విన్నిపెగ్‌లో భక్తసింగ్ పొందిన ఆతిథ్యం, నాంపల్లిలో హెన్రీ మార్టిన్ సంస్థ అనుభవం అనే మూడు నమూనాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అతిథిగా వచ్చినవాడు ఆతిథేయిగా మారగలిగినప్పుడే ఈ పరిచర్యకు చారిత్రకమైన నిలకడ లభించిందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పరిచర్య, ఆతిథ్యం, విదేశీ విద్య, వై.ఎం.సి.ఎ., అజరయ్య, భక్తసింగ్, హెన్రీ మార్టిన్ సంస్థ, నాంపల్లి.

1. ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ వ్యవహారంలో 'పరిచర్య' అన్నది నిత్యం వినిపించే మాట. సంఘ పరిచర్య, వాక్య పరిచర్య, యువజన పరిచర్య వంటి ప్రయోగాలు ఇందుకు నిదర్శనాలు. క్రైస్తవ వాఙ్మయానికి ముందే ఈ మాటకు తెలుగులో దీర్ఘ చరిత్ర ఉంది. గురుకులంలో శిష్యుడు గురువుకు చేసేది పరిచర్య; ఇంటికి వచ్చిన అతిథికి గృహస్థుడు చేసేదీ పరిచర్యే. కొత్త నిబంధనలో ఈ అర్థంలో వాడిన గ్రీకు పదానికి కూడా భోజనపు బల్ల దగ్గర వడ్డించే సేవ అనే అర్థం ఉంది. విదేశీ విద్యార్థుల మధ్య జరిగిన క్రైస్తవ సేవలో ఈ రెండు సంప్రదాయార్థాలూ కలుస్తాయి. అయితే క్రమం తారుమారవుతుంది. ఇక్కడ పరిచర్య అందుకొనేవాడు శిష్యుడు. అతడే అతిథి కూడా.

ఈ స్థితిలో ఒక నైతిక సమస్య ఇమిడి ఉంది. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న విద్యార్థికి వసతి, భోజనం, స్నేహం అవసరం. వాటిని అందించే వ్యక్తికి తన మతాన్ని పంచాలనే ఆకాంక్ష ఉంటుంది. అప్పుడు ఆతిథ్యం స్వయంగా ఒక విలువా, లేక మరొక ప్రయోజనానికి సాధనమా? ఈ పరిచర్యను సమర్థించినవారూ విమర్శించినవారూ కూడా చివరికి ఎదుర్కొన్నది ఈ ప్రశ్ననే. దీనికి సిద్ధాంతరీత్యా సమాధానం చెప్పడం కన్నా, నిర్దిష్టమైన స్థలాల్లో, నిర్దిష్టమైన మనుషుల మధ్య ఏం జరిగిందో చూడడం చరిత్ర అధ్యయనానికి ఉపయుక్తం.

2. అబిడ్స్–నాంపల్లి: రాకపోకల కూడలి

అబిడ్స్ అనే పేరే ఒక పరదేశిని గుర్తుచేస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన, ఆర్మీనియా మూలాలున్న ఆల్బర్ట్ అబిద్ ఇక్కడ నడిపిన దుకాణం వల్ల ఆ ప్రాంతానికి ఆ పేరు స్థిరపడింది. 1834లో మొదలైన సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు, పంతొమ్మిదో శతాబ్దిలో వెలసిన సెయింట్ జార్జి చర్చి, 1895లో ఆరంభమైన స్టాన్లీ బాలికల పాఠశాల, మెథడిస్టుల ఆరాధనాలయం ఈ పరిసరాల్లోనే ఉన్నాయి. చాపెల్ రోడ్ అనే వీధి పేరు కూడా ఆ సాన్నిధ్యానికి గుర్తే. నిజాం పాలనలో ఉన్న నగరం నడిబొడ్డున ఆంగ్ల విద్య, క్రైస్తవ సంస్థలు పక్కపక్కనే ఎదిగాయి.

విదేశీ విద్యకు సంబంధించి ఈ ప్రాంతంలో మరింత ముఖ్యమైన చిరునామా నాంపల్లిలోని 'గోల్డెన్ త్రెషోల్డ్'. ఎడింబరో విశ్వవిద్యాలయం నుంచి 1875లో డి.ఎస్‌సి. పట్టా పొందిన అఘోరనాథ్ చటోపాధ్యాయ కుటుంబంతో ముడిపడిన భవనమిది. హైదరాబాదు కళాశాల విద్యకు పునాది వేసినవారిలో ఆయన ప్రముఖుడు. ఆయన కుమార్తె సరోజిని నిజాం ఇచ్చిన విద్యార్థివేతనంతో 1895లో ఇంగ్లండు వెళ్ళి, లండన్ కింగ్స్ కళాశాలలోనూ కేంబ్రిడ్జిలోని గర్టన్ కళాశాలలోనూ చదివి, 1898లో తిరిగి వచ్చారు. ఆమె భర్త గోవిందరాజులు నాయుడు కూడా బ్రిటన్‌లో వైద్యం చదివినవారే. మద్రాసులో వారి వివాహాన్ని బ్రహ్మసమాజ పద్ధతిలో జరిపించినవారు కందుకూరి వీరేశలింగం.

క్రైస్తవ దేశంలో చదువుకున్న ఈ ముగ్గురూ క్రైస్తవం స్వీకరించలేదు. అంతకుముందే రూపుదిద్దుకొన్న బ్రహ్మసమాజ సంస్కారం వారికి ఉంది. విదేశీ విద్యకూ మతమార్పిడికీ అనివార్య సంబంధం లేదని చెప్పడానికి ఈ ఇల్లే తొలి సాక్ష్యం. విదేశంలో విద్యార్థికి ఎదురైనది ఏమిటన్నది ఎంత ముఖ్యమో, అతడు వెంట తీసుకువెళ్ళినది ఏమిటన్నదీ అంతే ముఖ్యం.

3. విద్యార్థి ఉద్యమం – అజరయ్య అడిగిన స్నేహం

సరోజిని ఇంగ్లండుకు వెళ్ళిన 1895లోనే స్వీడన్‌లోని వాడ్‌స్టెనాలో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య ఏర్పడింది. దాని నిర్మాతల్లో ముఖ్యుడు అమెరికాకు చెందిన జాన్ ఆర్. మాట్. విద్యార్థుల ద్వారా ప్రపంచాన్ని మార్చవచ్చునన్నది ఆ తరం విశ్వాసం. పాత పరీక్షా విధానాన్ని చైనా 1905లో రద్దు చేసిన తరువాత వేలాది చైనా యువకులు టోక్యోకు చదువుకోసం చేరారు. వారి మధ్య వై.ఎం.సి.ఎ. పనిచేయడం మొదలుపెట్టింది. 1907లో ఆ సమాఖ్య మహాసభ టోక్యోలోనే జరిగింది. 1911లో మాట్ చొరవతో అమెరికాలో విదేశీ విద్యార్థులతో స్నేహసంబంధాల కోసం ఒక ప్రత్యేక సంఘం ఏర్పడింది. 1909లో న్యూయార్కులో ఒక చైనా విద్యార్థిని పలకరించి, వారాల తరబడి అతడిని ఎవరూ పలకరించలేదని తెలుసుకొన్న వై.ఎం.సి.ఎ. కార్యకర్త హ్యారీ ఎడ్మండ్స్ ప్రయత్నం 1924లో 'ఇంటర్నేషనల్ హౌస్' నిర్మాణానికి దారితీసింది.

టోక్యో మహాసభకు వెళ్ళిన భారతీయుల్లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945) ఒకరు. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేసిన ఆయన 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్లు చేరి, తెలుగు నేర్చుకొని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం ప్రసిద్ధం. మిషనరీలు భారతీయుల కోసం త్యాగాలు చేశారు, ఆస్తులు ఇచ్చారు. కాని వారిని తమ ఇంటి బల్ల దగ్గర సమానులుగా కూర్చోబెట్టుకోలేదన్నది ఆయన ఆవేదన. ఆయన కోరినది స్నేహం. సభలోని అనేకులకు ఆ మాటలు రుచించలేదు.

విదేశీ విద్యార్థుల పరిచర్యను అంచనా వేయడానికి అజరయ్య ప్రసంగం ఒక కొలమానాన్ని అందిస్తుంది. ఇచ్చేవాడు ఎప్పటికీ ఇచ్చేవాడిగా, పుచ్చుకొనేవాడు ఎప్పటికీ పుచ్చుకొనేవాడిగా మిగిలితే అది దాతృత్వం మాత్రమే అవుతుంది. స్నేహంలో ఈ స్థానాలు మారుతూ ఉండాలి. ఈ కొలమానాన్ని ఆధారంగా చేసుకొని మూడు నమూనాలను పరిశీలించవచ్చు.

4. మొదటి నమూనా: లండన్ వసతిగృహం

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో లండన్‌లోని భారతీయ విద్యార్థి బ్రిటిష్ ప్రభుత్వ దృష్టిలో అనుమానితుడు. 1909 జూలై 1న మదన్‌లాల్ ఢింగ్రా కర్జన్ వైలీని కాల్చి చంపిన తరువాత ఆ అనుమానం మరింత బలపడింది. అదే సంవత్సరం భారతీయ విద్యార్థుల కోసం ప్రభుత్వం సమాచార కార్యాలయాన్ని ఏర్పాటుచేసి, అలీగఢ్, లాహోర్‌లలో అధ్యాపకుడిగా పనిచేసిన టి.డబ్ల్యు. ఆర్నాల్డ్‌కు దాని బాధ్యత అప్పగించింది. సహాయం పేరిట నిఘా సాగుతోందని విద్యార్థులు భావించారు. దీనికి తోడు అద్దె గదులు వెతుక్కొనేటప్పుడు వర్ణవివక్ష ఎదురయ్యేది. 1921లో లార్డ్ లిట్టన్ అధ్యక్షతన భారతీయ విద్యార్థుల స్థితిగతుల పరిశీలనకు ఒక సంఘాన్ని నియమించవలసివచ్చింది.

ఈ వాతావరణంలో 1920లో లండన్‌లోని బ్లూమ్స్‌బరీలో భారతీయ విద్యార్థుల సంఘం, వసతిగృహం ప్రారంభమయ్యాయి. దీనికి సూత్రధారి భారత వై.ఎం.సి.ఎ. జాతీయ మండలికి తొలి భారతీయ ప్రధాన కార్యదర్శి, సేలంలో పుట్టిన కె.టి. పాల్ (1876–1931). బ్రిటన్‌లోని భారతీయ విద్యార్థులకు ఆతిథ్యమిచ్చే సంస్థను భారతీయ క్రైస్తవులే నెలకొల్పడం ఇక్కడ గమనించదగినది. వలస పాలకుల రాజధానిలో భారతీయుడు తానే ఆతిథేయి అయ్యాడు. హిందువులు, ముస్లింలు, సిక్కులు, క్రైస్తవులు ఒకే కప్పు కింద ఉన్నారు. బ్రిటిష్ శ్రోతలకు భారతీయుల వాదన వినిపించే వేదికగా కూడా అది ఉపయోగపడింది. గోవర్ వీధిలోని దాని భవనం రెండో ప్రపంచయుద్ధ కాలపు బాంబుదాడులకు గురైంది. వాస్తుశిల్పి రాల్ఫ్ టబ్స్ రూపకల్పన చేసిన ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ భవనం 1953లో ఆరంభమైంది.

ఈ నమూనాలో మతప్రబోధం కన్నా వసతి, గౌరవం ముందు వరుసలో ఉన్నాయి. దీనివల్ల అన్ని మతాల విద్యార్థుల విశ్వాసం లభించింది. అయితే ఇది క్రమంగా మంచి వసతిగృహంగా మాత్రమే మిగిలి, క్రైస్తవ స్వభావాన్ని కోల్పోతుందన్న ఆందోళన ఇటువంటి సంస్థల విషయంలో సువార్తిక వర్గాల నుంచి వినిపిస్తూ వచ్చింది. 1947లో ఏర్పడిన అంతర్జాతీయ సువార్తిక విద్యార్థి సహవాసం, భారతదేశంలో 1954లో రూపొందిన సువార్తిక విద్యార్థి సమాఖ్య ఈ రెండో ధోరణికి ప్రతినిధులు.

5. రెండో నమూనా: విన్నిపెగ్ ఇల్లు – హెబ్రోను

సువార్తిక ధోరణికి తెలుగు నేలపై అత్యంత ప్రభావశీలమైన ఉదాహరణ భక్తసింగ్ (1903–2000) జీవితం. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన ఆయన మిషన్ పాఠశాలలో చదివారు. బహుమతిగా వచ్చిన బైబిలు అట్టను ఉంచుకొని పుటలు చింపివేసినట్లు తరువాత తన సాక్ష్యంలో చెప్పుకొన్నారు. మతం విడిచిపెట్టనని తల్లికి మాట ఇచ్చి 1926లో ఇంగ్లండు వెళ్ళారు. ఆయన ఇంజినీరింగు చదివినది, మూడు దశాబ్దాల ముందు సరోజిని చదివిన కింగ్స్ కళాశాలలోనే. 1928లో కెనడాకు ఓడలో వెళుతూ అక్కడి ఆరాధనలో మర్యాద కోసం పాల్గొని మోకరించినప్పుడు తనలో మార్పు మొదలైందని ఆయన చెప్పేవారు. 1929లో వ్యవసాయ ఇంజినీరింగు చదువుకోసం విన్నిపెగ్ చేరారు. ఆ డిసెంబరులో ఒక స్నేహితుడిని అడిగి కొత్త నిబంధన తీసుకొని చదవడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

ఈ కథనంలో తరచుగా మరుగునపడే పాత్రలు జాన్, ఎడిత్ హేవర్డ్ దంపతులవి. విన్నిపెగ్‌లో వారు భక్తసింగ్‌ను భోజనానికి పిలిచి, ఇంట్లో చోటిచ్చి, కుటుంబ సభ్యుడిగా చూసుకొన్నారు. ప్రసంగవేదిక కన్నా ముందు ఆయనకు క్రైస్తవ జీవితం పరిచయమైనది ఆ ఇంటి భోజనపు బల్ల దగ్గరే. 1932లో వాంకోవర్‌లో బాప్తిస్మం పొంది, 1933లో బొంబాయి చేరారు. తమతో రావాలంటే మతమార్పిడిని రహస్యంగా ఉంచాలని తల్లిదండ్రులు కోరారు, ఆయన అంగీకరించలేదు. వారు ఆయనను వదిలి వెళ్ళారు. విదేశంలో ఒక కుటుంబాన్ని సంపాదించుకొన్న విద్యార్థి స్వదేశంలో తన కుటుంబానికి దూరమయ్యాడు. విద్యార్థి పరిచర్యను గురించిన విజయగాథలు ఈ నష్టాన్ని రెండు వాక్యాల్లో దాటివేస్తాయి. తల్లికి ఇచ్చిన మాట, పాటించలేకపోయిన ఆ మాట బరువు, తల్లిదండ్రుల వేదన కూడా ఈ చరిత్రలో భాగమే.

భక్తసింగ్ 1941లో మద్రాసులో స్వతంత్ర సంఘాన్ని స్థాపించారు. 1950 నుంచి అబిడ్స్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, ముషీరాబాద్ వద్ద ఉన్న 'హెబ్రోను' ఆయన కార్యక్షేత్రమైంది. పాశ్చాత్య మిషను సంస్థల అజమాయిషీ లేకుండా, ఆడంబరం లేని ఆరాధనాలయాలతో ఆ సంఘాలు తెలుగు ప్రాంతమంతటా విస్తరించాయి. ఏటా జరిగే పరిశుద్ధ కూడికల్లో వేలమంది నేలపై చాపలు పరచుకొని కూర్చొని ఆరాధించేవారు. ఆ తరువాత కులభేదం లేకుండా ఒకే పంక్తిలో ప్రేమవిందు ఆరగించేవారు.

విన్నిపెగ్‌లో నలుగురి మధ్య జరిగిన భోజనం హైదరాబాదులో వేలమంది పంక్తిగా మారిందని చెప్పడం సరళీకరణ అవుతుంది. సిక్కుల లంగరు సంప్రదాయంలో పెరిగిన వ్యక్తికి సామూహిక భోజనపు విలువ కెనడాలో కొత్తగా తెలియనక్కరలేదు. చిన్ననాటి సంస్కారం, విదేశంలో పొందిన ఆతిథ్యం రెండూ ఆ పంక్తిలో కలిశాయనడం సమంజసం. ఏమైనా, కెనడాలో అతిథిగా ఉన్నవాడు హైదరాబాదులో ఆతిథేయి అయ్యాడు. విదేశాల నుంచి వచ్చిన విశ్వాసులు కూడా అక్కడ ఆయన పెట్టిన చాపల మీదే కూర్చున్నారు.

6. మూడో నమూనా: నాంపల్లి స్టేషన్ రోడ్డు

పై రెండు సందర్భాల్లో విద్యార్థి ఇక్కడి నుంచి పడమటికి వెళ్ళాడు. మూడో సందర్భంలో ప్రయాణం దిశ మారుతుంది. పర్షియన్, ఉర్దూ భాషల్లోకి కొత్త నిబంధనను అనువదించిన హెన్రీ మార్టిన్ (1781–1812) పేరిట 1930లో లాహోర్‌లో ఒక ఇస్లామీయ అధ్యయన పాఠశాల ఏర్పడింది. ముస్లింల మధ్య పనిచేసే మిషనరీలకూ సంఘ సేవకులకూ శిక్షణ ఇవ్వడం దాని తొలి లక్ష్యం. 'ది పీపుల్ ఆఫ్ ది మాస్క్' రాసిన ఎల్. బెవన్ జోన్స్ దాని తొలి సారథి. ఆ సంస్థ ఉత్తర భారతంలో పలు చోట్లకు మారి, చివరికి 1971లో హైదరాబాదు చేరింది. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని సెయింట్ లూక్స్ ప్రాంగణం దాని చిరునామా అయింది. ఆ తరువాత అబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్‌కు, అనంతరం శివరాంపల్లికి అది తరలింది.

చిరాగ్ అలీ లేన్ అనే చిరునామా కాకతాళీయమైనా అర్థవంతం. నిజాం ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా పనిచేసిన మౌల్వీ చిరాగ్ అలీ (1844–1895), ఇస్లాం సంస్కరణకు లొంగదన్న ఇంగ్లండు మతాచార్యుడు మాల్కం మెకాల్ వాదనను ఖండిస్తూ 1883లో ఆంగ్లంలో గ్రంథం ప్రచురించిన పండితుడు. ముస్లింలకు బోధించడానికి పుట్టిన సంస్థ, ఒక క్రైస్తవ మతాచార్యుడికి సమాధానం చెప్పిన ముస్లిం పండితుడి పేరిట ఉన్న వీధిలో నివాసం ఏర్పరచుకొంది.

ఉర్దూ, అరబిక్ భాషలనూ భారతీయ ఇస్లాంనూ నేర్చుకోవడానికి ఐరోపా, అమెరికాల నుంచి విద్యార్థులు ఈ సంస్థకు వచ్చేవారు. ఇప్పుడు విదేశీ విద్యార్థి పాశ్చాత్యుడు. భాష తెలియనివాడు, తిండి అలవాటు లేనివాడు, దారి అడగవలసినవాడు అతడే. అతడికి నేర్పేవారు హైదరాబాదు నగరవాసులు. వారిలో ముస్లింలూ ఉన్నారు. క్రైస్తవ సంస్థ ఆహ్వానించిన అతిథికి ముస్లిం ఇరుగుపొరుగులు ఆతిథేయులయ్యారు.

1990 డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీలో చెలరేగిన మతకల్లోలాల్లో వందమందికి పైగా మరణించారు. ఇస్లాంను గ్రంథాల్లో చదువుతూ, పక్కనే కూలుతున్న సంబంధాలను పట్టించుకోకుండా ఉండడం సాధ్యమా అన్న ప్రశ్న సంస్థ ముందు నిలిచింది. దాని కార్యక్రమాలు సహాయ చర్యలకూ, సుల్తాన్‌షాహీలో 'అమన్ శాంతి' వంటి సముదాయ కృషికీ విస్తరించాయి. పరిశోధన, మతాంతర సంబంధాలు, సమాధానం తన లక్ష్యాలుగా సంస్థ పేరులోనే చేర్చుకొంది. ఇది క్రైస్తవ సాక్ష్యాన్ని విడిచిపెట్టడమేనని కొందరు, దాన్ని మరింత లోతుగా ఆచరించడమని మరికొందరు వ్యాఖ్యానించవచ్చు. విదేశీ విద్యార్థి దృష్టిలో మాత్రం చదువు అంటే నగరపు గాయాల మధ్య మనుషులను కలవడమైంది.

7. వర్తమాన ప్రాసంగికత

1953లో అమెరికాలో బాబ్ ఫిన్లే స్థాపించిన 'ఇంటర్నేషనల్ స్టూడెంట్స్' వంటి సంస్థలు విదేశీ విద్యార్థుల పరిచర్యను ప్రత్యేక రంగంగా తీర్చిదిద్దాయి. విమానాశ్రయంలో ఎదురుకోలు, పాత సామాను అందజేత, పండుగ భోజనం, ఆంగ్ల సంభాషణ తరగతులు, బైబిలు అధ్యయనం ఇందులో పరిచిత కార్యక్రమాలు. 2023–24 విద్యాసంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నట్లు 'ఓపెన్ డోర్స్' నివేదిక నమోదు చేసింది. ఆ సంఖ్యలో తెలుగు విద్యార్థుల భాగం గణనీయం. కాబట్టి ఆతిథ్యంలోని ఉద్దేశాన్ని గురించిన ప్రశ్న తెలుగు కుటుంబాలకు నేడు దూరపు ప్రశ్న కాదు.

ఈ విషయంలో కొన్ని కనీస నియమాలను చరిత్ర సూచిస్తోంది. సహాయం మతాసక్తిపై ఆధారపడకూడదు. ఆహ్వానించినవారు తమ ఉద్దేశాన్ని దాచకూడదు. ఆరాధనకు రానన్న విద్యార్థికి భోజనపు పిలుపు ఆగిపోకూడదు. అదే సమయంలో, వయోజనుడైన విద్యార్థి చదివి, ఆలోచించి, మారే స్వేచ్ఛను కాదనడం కూడా అతడిని అసమర్థుడిగా చూడడమే. భక్తసింగ్ కొత్త నిబంధనను తానే అడిగి తీసుకొన్నారన్న విషయాన్ని మరువరాదు.

8. ముగింపు

లండన్ వసతిగృహంలో భారతీయ క్రైస్తవుడు పరాయిదేశంలో ఆతిథేయి అయ్యాడు. విన్నిపెగ్ అతిథి హైదరాబాదులో ఆతిథేయి అయ్యాడు. నాంపల్లిలో, బోధించడానికి పుట్టిన సంస్థ నేర్చుకొనేవారి నిలయమైంది. వేదాంతపరంగా ఈ మూడింటికీ మధ్య తీవ్రమైన భేదాలున్నాయి. స్థానాల మార్పు మాత్రం మూడింటిలోనూ కనిపిస్తుంది. 1910లో అజరయ్య కోరిన స్నేహానికి ఇవి అసంపూర్ణమైనా వాస్తవమైన రూపాలు.

సరోజిని వెళ్ళివచ్చిన ఇంటి ముంగిట మరొక అధ్యాయం కూడా తెరుచుకొంది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట పనిచేసినది నాంపల్లి 'గోల్డెన్ త్రెషోల్డ్'లోనే. ఆ విశ్వవిద్యాలయంలోనూ, ఉస్మానియా, ఆంగ్ల–విదేశీ భాషల విశ్వవిద్యాలయాల్లోనూ నేడు ఆసియా, ఆఫ్రికా దేశాల విద్యార్థులు చదువుతున్నారు. వారికి ఈ నగరంలో అద్దె ఇల్లు ఎలా దొరుకుతోంది, పండుగనాడు వారిని ఎవరు పిలుస్తున్నారు, వారి మాట ఎవరు వింటున్నారు అన్నవి అధ్యయనం కావలసిన అంశాలు. ఒకప్పుడు లండన్ వీధుల్లో గది కోసం తిరిగిన భారతీయ విద్యార్థి చరిత్ర ఆ అధ్యయనానికి ఉపోద్ఘాతం కాగలదు.